పేపర్ టవల్ బదులు గుడ్డ వాడితే డబ్బు నిజంగా ఎప్పుడు మిగులుతుంది

పేపర్ టవల్ మీద పెట్టే డబ్బు ఖర్చులా అనిపించదు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఒక్క షీట్ ఖరీదు ఎవరూ లెక్కపెట్టనంత తక్కువ కాబట్టి చేతులు తడిగా ఉంటే ఒకటి చింపుతారు, గట్టు మీద నాలుగు చుక్కలు పడితే రెండు, గ్లాసు అడుగు తుడవడానికి ఇంకోటి, అలా లాగుతూ లాగుతూ రోల్ ఖాళీ అయితే అప్పుడే అయిపోయిందా అనుకుని కొత్తది తగిలించేస్తారు. వారానికి ఒక రోల్ వాడే ఇంట్లో ఏడాదికి 52 రోల్స్ కొని చెత్తబుట్టలో వేసినట్టు, పదేళ్లకి 520. పోనీ అదంతా పెద్ద మురికి తుడవడానికా అంటే కాదు, ఎక్కువ షీట్లు తుడిచేది మామూలు నీళ్లే.

ఇది గమనించి చాలామంది గుడ్డల సెట్టు ఒకటి కొంటారు, రెండు మూడు వారాలు ఉత్సాహంగా వాడతారు, తర్వాత మెల్లగా గుడ్డలు డ్రాయర్ లోపలికి పోతాయి, రోల్ మళ్లీ గట్టు మీదకి వచ్చేస్తుంది. అంటే గుడ్డల ఖర్చూ పడింది, పేపర్ ఖర్చూ పడింది. కాటన్ కొనాలా, మైక్రోఫైబర్ కొనాలా అనే దాని మీదే అందరూ వాదించుకుంటారు గానీ డబ్బు మిగిలేదీ లేనిదీ ఎక్కువగా తేల్చేవి వేరే ఉన్నాయి: గుడ్డ చేతికి ఎంత దగ్గర్లో ఉంది, మురికయ్యాక ఎక్కడ పడుతుంది, ఉతకడానికి ఎప్పుడు వెళ్తుంది. ఈ మూడూ కుదిరితే పాత టీషర్టు ముక్కలతో కూడా పని అయిపోతుంది, కుదరకపోతే ఎంత ఖరీదైన సెట్టు తెచ్చినా దండగే.

అసలు పేపర్ టవల్ పుట్టిందే ఇంటి కోసం కాదు. 1907లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో స్కాట్ పేపర్ కంపెనీకి టాయిలెట్ పేపర్‌గా పనికిరానంత మందంగా కాగితం వచ్చి పడిందని, దాన్ని వృథా చేయకుండా చిల్లుల గీతలు పెట్టి చింపుకునే తువ్వాళ్లుగా మార్చి అమ్మారని చెప్తారు. మొదట్లో అవి వెళ్లింది స్కూళ్లు, హోటళ్లు, రైల్వే స్టేషన్ల లాంటి చోట్ల ఉండే బాత్రూముల్లోకి, ఎందుకంటే అప్పట్లో అలాంటి చోట్ల అందరికీ కలిపి ఒకటే గుడ్డ వేలాడుతూ ఉండేది, ముక్కూమొహం తెలియని వాళ్లంతా దానికే చేతులు తుడుచుకునేవాళ్లు, జబ్బులు అలా పాకుతాయని భయం. వంటింటి రోల్‌గా అమ్మడం మొదలైంది 1931లో. అంటే పేపర్ టవల్ తీర్చిన అసలు సమస్య ఎవరెవరో కలిసి వాడే తడిగుడ్డ. ఇంట్లో ఉండేది నలుగురు, వాళ్లెవరో తెలుసు, గుడ్డ ఎప్పుడు మార్చాలో మన చేతిలోనే ఉంది, కాబట్టి ఇంట్లో ఆ అవసరం బాగా తగ్గిపోతుంది, పూర్తిగా పోదు, దాని సంగతి కిందకి వస్తుంది.

ఇంకో విషయం కూడా చెప్పుకోవాలి. మామూలు కాగితం తడిస్తే విడిపోతుంది, పేపర్ టవల్ మాత్రం తడిసినా గట్టిగానే ఉంటుంది, కారణం తయారీలో కలిపే తడి బలం ఇచ్చే రెజిన్ అనే జిగురు లాంటి పదార్థం, ఎక్కువగా వాడేది పాలిఅమైడ్-ఎపిక్లోరోహైడ్రిన్ అనే రకం. ఆ గట్టితనం తుడిచేటప్పుడు బాగుంటుంది గానీ అదే టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేస్తే టాయిలెట్ పేపర్ లాగా విడిపోకుండా పైపులో ఇరుక్కుంటుంది, అప్పుడు ప్లంబర్‌కి ఇచ్చే డబ్బుతో ఎన్ని రోల్స్ వస్తాయో లెక్కేసుకోవచ్చు. వాడేసిన టవల్‌ని రీసైక్లింగ్‌లో కూడా సాధారణంగా తీసుకోరు, పీచు పొట్టిగా అయిపోయి ఉంటుంది, పైగా నూనె, తిండి అంటుకుని ఉంటాయి.

ఇప్పుడు లెక్క. ఊరిని బట్టి, కంపెనీని బట్టి ధరలు మారతాయి కాబట్టి రోల్ ఖరీదునే కొలతగా పెట్టుకుంటే సులువు. గుడ్డల సెట్టు ఒకటి 15 రోల్స్ ఖరీదు అనుకోండి. వారానికి ఒక రోల్ వాడే ఇంట్లో పేపర్ పూర్తిగా ఆగిపోతే 15 వారాల్లో డబ్బు తిరిగొచ్చేస్తుంది, ఆ తర్వాతదంతా మిగులే. పేపర్ సగానికి తగ్గితే 30 వారాలు పడుతుంది. పావు వంతే తగ్గితే 60 వారాలు, అంటే ఏడాది దాటిపోయింది, అప్పటికి ఆ సెట్టులో కొన్ని పోయి ఉంటాయి, కొన్ని మరకలు పట్టి ఎవరూ ముట్టుకోకుండా ఉంటాయి, ఇంకో సెట్టు కొనాల్సి వస్తుంది, ఇక మిగిలేదేముంది. నెలకి ఒక్క రోల్ మాత్రమే వాడే ఇల్లైతే పేపర్ మొత్తం మానేసినా 15 నెలలు పడుతుంది. అలాంటి వాళ్లు డబ్బు కోసమైతే ఏమీ కొనకపోవడమే మంచిది, ఇంట్లో ఉన్న పాత బట్టలు చాలు.

అందుకే కొనే ముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే, ఇంట్లో రోల్ ఎన్నాళ్లు వస్తోంది అని. కొత్త రోల్ పెట్టిన రోజు లోపలి అట్ట గొట్టం మీద తారీఖు రాసి పెడితే అయిపోయిన రోజు తెలిసిపోతుంది. గుడ్డలు మొదలుపెట్టాక కూడా అదే పని చేయాలి, అప్పుడే తగ్గిందా లేదా అన్నది అంచనా కాకుండా అంకెలో కనబడుతుంది. ఇది చేయని ఇళ్లల్లో పేపర్ బాగా తగ్గిపోయిందని అందరూ నమ్ముతూ ఉంటారు, సామాన్ల బిల్లు మాత్రం అలాగే ఉంటుంది.

ఉతికే ఖర్చు సంగతేంటి అని అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. 25 సెంటీమీటర్ల చదరపు గుడ్డ, 200 జీఎస్ఎం మందం అంటే చదరపు మీటరుకి 200 గ్రాములు, ఆ లెక్కన ఒక్కో గుడ్డ 12 గ్రాముల చిల్లర. వారానికి 30 గుడ్డలు వాడినా అన్నీ కలిపి 400 గ్రాములు కూడా రావు, ఆరేడు కిలోల మిషన్‌లో అదొక మూల. ఎలాగూ తిరిగే లోడ్‌లో వేసేస్తే అదనంగా పడే ఖర్చు లెక్కలోకి రాదు. కానీ ఈ గుడ్డల కోసమే విడిగా మిషన్ వేసి, వేడినీళ్లు పెట్టి, డ్రయర్‌లో ఆరబెడితే కథ వేరు, ఉతకడంలో కరెంటు ఎక్కువగా తినేది నీళ్లు వేడి చేయడం, దాని మీద డ్రయర్ కూడా తోడైతే పేపర్‌లో మిగిలిందాంట్లో మంచి భాగం అక్కడే పోతుంది. తువ్వాళ్లు, దుప్పట్లు ఉతికే రోజున వాటితో పాటు వేసి, దండెం మీద ఆరేసుకుంటేనే ఈ లెక్క నిలబడుతుంది.

ఇక గుడ్డల దగ్గరకొస్తే, అన్నిటికంటే చవకైనది ఇంట్లోనే ఉంది, పాత టీషర్టులు, పాత తువ్వాళ్లు, చిరిగిన దుప్పట్లు. పెట్టుబడి సున్నా కాబట్టి మొదటి రోజు నుంచే మిగులు. టీషర్టు అల్లిన బట్ట కాబట్టి కత్తిరించినా అంచులు కొంచెం చుట్టుకుంటాయి గానీ పోగులు ఊడవు, కుట్టాల్సిన పని లేదు. దుప్పటి, తువ్వాలు నేసిన బట్టలు, వాటి అంచులు కుట్టకపోతే ప్రతి ఉతుకుకీ పోగులు వస్తూనే ఉంటాయి. ఏ బట్ట పనికొస్తుందో తెలుసుకోవడం చాలా తేలిక, దాని మీద ఒక నీటి చుక్క వేయండి, వెంటనే ఇంకిపోతే కాటన్ పాలు బాగా ఉన్నట్టు, పూసలా నిలబడితే పాలిస్టర్ ఎక్కువ ఉన్నట్టు, అది తుడిస్తే నీళ్లని పీల్చదు, అటు నుంచి ఇటు తోస్తుంది అంతే.

కొత్త కాటన్ గుడ్డలు కొన్నవాళ్లు మొదటి రోజే ఇవి నీళ్లు పీల్చట్లేదు, మోసపోయాం అనుకుంటారు. కాటన్‌కి సహజంగా కొంచెం మైనం ఉంటుంది, నేతలో పెట్టే గంజి, ఫినిషింగ్ కూడా ఉంటాయి, రెండు మూడు సార్లు వేడినీళ్లలో ఉతికితే గానీ అవి వదలవు, ఆ తర్వాత ఉతికే కొద్దీ మెరుగవుతాయి. ఫాబ్రిక్ సాఫ్టెనర్ మాత్రం వీటికి అస్సలు పోయకూడదు, అది పోగుల మీద ఒక పొరలా పట్టి ఆ మెత్తదనం ఇస్తుంది, ఆ పొరే నీళ్లని లోపలికి పోనివ్వదు. గుడ్డలు పీల్చట్లేదు అనే ఫిర్యాదుకి చాలాసార్లు అసలు కారణం ఈ సాఫ్టెనరే.

మందంగా ఉంటే ఎక్కువ పీలుస్తుంది కదా అని బరువైన తువ్వాళ్ల లాంటివి కొనేస్తారు, వంటింటికి అది తప్పు ఎంపిక. మందపాటి గుడ్డ ఎక్కువ నీళ్లు పట్టుకునే మాట నిజమే కానీ ఆరడానికి రోజంతా పడుతుంది, ఆరకపోతే ముక్కవాసన, ముక్కవాసన వస్తే చేయి మళ్లీ పేపర్ వైపే వెళ్తుంది. పలచగా, గళ్ల నేతతో ఉండే వాఫిల్ రకం గుడ్డ త్వరగా ఆరుతుంది, గాజు గ్లాసులకి పీచు రాని పలచటి నున్నటి కాటన్ బాగుంటుంది, పెద్దగా నీళ్లు ఒలికినప్పుడు మాత్రం ఉచ్చుల నేత ఉన్న టెర్రీ తువ్వాలు ఒకటి పక్కన ఉంటే చాలు. నార బట్ట, అదే లినెన్, వీటన్నిటికంటే గట్టిది, పీచు రాదు, త్వరగా ఆరుతుంది, కానీ ఖరీదెక్కువ కాబట్టి డబ్బు తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది.

ఇప్పుడు మార్కెట్‌లో బాగా అమ్ముతున్నది వెదురు రోల్, చూడటానికి అచ్చం పేపర్ రోల్ లాగే ఉంటుంది, చింపుకుని ఉతికి మళ్లీ వాడుకోవచ్చు అంటారు. పేరుకి వెదురు గానీ వీటిల్లో ఎక్కువ శాతం వెదురు గుజ్జు నుంచి రసాయనాలతో తీసిన విస్కోస్ పీచే. విస్కోస్‌కి ఒక స్వభావం ఉంది, తడిస్తే దాని బలం బాగా పడిపోతుంది, దాదాపు సగం దాకా పోతుంది. కాటన్ దీనికి పూర్తిగా ఎదురు, తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. తుడుపుగుడ్డ జీవితమంతా తడిలోనే గడుస్తుంది కదా, పిండటం, రుద్దటం అన్నీ తడిగా ఉన్నప్పుడే, అలాంటి పనికి తడిస్తే నీరసపడే పీచు కంటే తడిస్తే బలపడే పీచు మేలని వేరే చెప్పక్కర్లేదు. రోల్ ఆకారం అలవాటైన వాళ్లకి మొదట్లో ఇది ఒక మెట్టులా పనికొస్తుందేమో గానీ డబ్బు లెక్కలో కాటన్ ముందు నిలవదు. అలాగే ఒకదానికొకటి బటన్లతో తగిలించి రోల్‌లా చుట్టుకునే గుడ్డలు కూడా అమ్ముతున్నారు, ఉతికిన ప్రతిసారీ కూర్చుని బటన్లు పెట్టి చుట్టాలి, ఆ పని ఎవరూ ఎక్కువ రోజులు చేయరు, బుట్టలో పడేస్తే సరిపోయే దానికి బటన్ల ఖరీదు ఎందుకు.

స్వీడిష్ డిష్‌క్లాత్ మాత్రం నిజంగా తెలివైన వస్తువు. 1949లో స్వీడన్‌లో కర్ట్ లిండ్‌క్విస్ట్ అనే ఇంజనీర్ కనిపెట్టాడు, సెల్యులోజ్ అంటే చెక్క గుజ్జు నుంచి తీసే పీచు, దానికి కాటన్ కలిపి చేస్తారు, మామూలుగా 70 పాళ్లు సెల్యులోజ్, 30 పాళ్లు కాటన్. ఆరితే అట్టలా బిగుసుకుంటుంది, తడిస్తే మెత్తగా స్పాంజిలా అవుతుంది, పలచన కాబట్టి గట్టు మీద పరిచేస్తే తొందరగా ఆరిపోతుంది, వాసన పట్టేది కూడా తక్కువే. గట్టు తుడవడానికి, సింక్ చుట్టూ నీళ్లు లాగడానికి దీన్ని మించింది లేదు. చేతులు తుడుచుకోవడానికి పనికిరాదు, ఎండుగా ఉంటే గరుగ్గా ఉంటుంది, తడిగా ఉంటే చేయి ఆరదు. అందుకని ఇది ఒక్కటే కొని పేపర్ మానేద్దాం అనుకుంటే చేతుల దగ్గర ఆగిపోతారు, పక్కన ఒక కాటన్ తువ్వాలు వేలాడదీయాలి.

మైక్రోఫైబర్ అంటే పాలిస్టర్, పాలిఅమైడ్ అంటే నైలాన్ రకం పీచుని చాలా సన్నగా చీల్చి చేసిన బట్ట, ఆ చీలికల వల్ల దుమ్మునీ జిడ్డునీ పట్టుకుంటుంది. అద్దాలకి, ఫ్రిజ్ తలుపుకి, స్క్రీన్లకి మామూలు నీళ్లతోనే మెరుపు వస్తుంది, స్ప్రే బాటిల్ ఖర్చు కూడా తగ్గుతుంది. కానీ ఇది ప్లాస్టిక్, ఉతికిన ప్రతిసారీ కంటికి కనబడని ప్లాస్టిక్ పీచు నీళ్లలోకి పోతుంది, బాగా వేడిగా ఉన్న గిన్నెకి తగిలితే కరగొచ్చు, బ్లీచ్ పోస్తే పాడవుతుంది, కాటన్‌తో కలిపి ఉతికితే ఆ నూగంతా పట్టుకుంటుంది. అద్దాల కోసం రెండు మూడు ఉంటే చాలు, వంటిల్లంతా వీటితో నింపాల్సిన పని లేదు.

శుభ్రత గురించిన భయం న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయకూడదు. సూక్ష్మజీవులు పెరగడానికి కావాల్సింది తడి, కాస్త తిండి, కొంచెం టైం, ఉండలా చుట్టి సింక్ అంచున పడేసిన గుడ్డలో ఈ మూడూ దొరుకుతాయి. పరిచి ఆరేసిన గుడ్డలో తడి ఉండదు కాబట్టి పెరుగుదల ఆగిపోతుంది. కాబట్టి గుడ్డ మంచిదా చెడ్డదా అనేది దాన్ని ఎలా వదిలేశారు అన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. గట్టు తుడిచే గుడ్డ రోజూ మార్చాలి, చేతుల తువ్వాలు రోజుకి లేదా రెండు రోజులకి ఒకసారి. పచ్చి మాంసం, చేపల రసం కారిన చోట తుడిచిన గుడ్డ ఇంకో చోట పెట్టకుండా నేరుగా ఉతకడానికే వెళ్లాలి, అంత జాగ్రత్త కుదరదు అనుకుంటే అక్కడ పేపరే వాడేయండి, ఆ ఒక్క పనికి ఎన్ని షీట్లు అవుతాయి గనక. వాంతులు, విరేచనాలు, పెంపుడు జంతువుల మురికి, ఇంట్లో జబ్బుతో ఎవరైనా పడుకున్నప్పుడు చేసే శుభ్రం, వీటికి కూడా పేపరే సరైనది. కాటన్‌ని 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకొచ్చు, మరగబెట్టినా ఏమీ కాదు. బ్లీచ్ వాడేవాళ్లు దాంట్లో వెనిగర్ గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్ గానీ పొరపాటున కూడా కలపొద్దు, విషవాయువు వస్తుంది.

నూనె దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి, ఇది చాలామందికి తెలియని ప్రమాదం. నూనె పట్టిన గుడ్డలో నూనె గాలితో కలిసి ఆక్సీకరణ జరిగేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డలు కుప్పగా ఉంటే ఆ వేడి బయటకి పోలేక పెరిగి పెరిగి నిప్పు లేకుండానే అంటుకోవచ్చు. చెక్క సామానుకి పూసే అవిసె నూనె గుడ్డలతో ఈ ముప్పు చాలా ఎక్కువ, వంటనూనె సరిగ్గా వదలకుండా డ్రయర్‌లో వేడిగా ఆరి, ఆ వేడితోనే కుప్పగా పడి ఉన్న గుడ్డలతో కూడా ఇలా జరుగుతుంది. అందుకని పెనంలో జిడ్డుని ముందు గరిటెతో గానీ రబ్బరు గీకుడు పలకతో గానీ తీసేయాలి, మిగిలిందానికి ఒకటో రెండో షీట్లు పేపర్ వాడితే తప్పేం లేదు, సింక్ పైపులో నూనె పేరుకోవడం కూడా తగ్గుతుంది. వేయించినవి పేపర్ మీద వేసే అలవాటుకి మాత్రం బదులు ఉంది, కింద పళ్లెం పెట్టి ఇనుప జాలీ మీద వేస్తే నూనె కారిపోతుంది, కింద నుంచి ఆవిరి కూడా బయటకి పోతుంది కాబట్టి మెత్తబడకుండా కరకరలాడుతూ ఉంటాయి. మైక్రోవేవ్‌లో పైన కప్పడానికి షీట్ బదులు ఒక పింగాణీ పళ్లెం బోర్లిస్తే చాలు.

ఇక మొదట్లో చెప్పిన మూడు విషయాలు, నిజానికి డబ్బంతా ఇక్కడే ఉంది. పేపర్ రోల్ గెలిచేది ఒంటి చేత్తో అందుతుంది కాబట్టి, పడేస్తే మళ్లీ ఆలోచించక్కర్లేదు కాబట్టి. గుడ్డకి కూడా ఆ రెండు సుఖాలూ ఇవ్వాలి. రోల్ ఉన్న చోట గుడ్డల బుట్ట పెట్టి, రోల్‌ని అలమారలో పై అరలోకి మార్చేయాలి, దాచేయడం కాదు, చేయి చాపితే దొరక్కుండా రెండడుగులు వేయాల్సినంత దూరం చాలు, చాలావరకు షీట్లు ఆ రెండడుగుల బద్ధకం వల్లే ఆగిపోతాయి. గుడ్డలు మడతపెట్టడం, ఇస్త్రీ లాంటివి పెట్టుకోవద్దు, ఆరినవి అలాగే బుట్టలో వేసేయాలి. మురికివి వేయడానికి వంటింట్లోనే ఇంకో బుట్ట ఉండాలి, మూత ఉన్న డబ్బా కాదు, గాలి ఆడే జాలీ బుట్ట, దాని అంచు మీద తడివి ఆరేసి ఆరాక లోపలికి వేయాలి. ఉతికే బట్టల బుట్ట ఇంకో గదిలో ఉంది కదా అని ఆపేస్తే తడిగుడ్డ సింక్ మీదే ఉండిపోతుంది, అక్కడి నుంచి వాసన, అక్కడి నుంచి మళ్లీ రోల్.

ఎన్ని గుడ్డలు కావాలి అంటే రోజుకి ఎన్ని వాడతారో దాన్ని రెండు ఉతుకుల మధ్య రోజులతో గుణించి, ఆరే టైం కోసం ఒక రోజువి కలపాలి. రోజుకి నాలుగు, మూడు రోజులకోసారి ఉతుకు అయితే 12, ఇంకో నాలుగు కలిపి 16, అటూ ఇటూగా 20 ఉంటే ఎప్పుడూ కొరత రాదు. అరడజను కొని మొదలుపెట్టినవాళ్లు రెండో రోజుకే అన్నీ మురికై పేపర్ పట్టుకుంటారు, వాళ్లు దాన్ని గుడ్డ లోపం అనుకుంటారు. రంగులు కూడా తేడాగా ఉంటే మంచిది, గట్టుకి ఒక రంగు, నేలకి, బాత్రూమ్‌కి ఇంకో రంగు, ఇంట్లో పిల్లలతో సహా అందరికీ చెప్పకుండానే తెలిసిపోతుంది.

ఇంట్లో ఒకరికి ఇది ఇష్టం లేకపోతే రోల్‌ని పూర్తిగా తీసేయడం కంటే సగం షీట్ చింపుకునేలా చిల్లులు దగ్గరగా ఉండే రోల్ తేవడం నయం, చాలా పనులకి సగం షీటే చాలు కాబట్టి గొడవ లేకుండానే వాడకం తగ్గుతుంది. వారానికో రోల్ నుంచి నెలకో రోల్‌కి దిగితే ఏడాదికి 40 రోల్స్ మిగిలాయి, మిగతా 12 కోసం ఇంట్లో పోట్లాడుకోవడం అనవసరం.

గుడ్డ పాతబడ్డాక కూడా దానికి పని ఉంటుంది. గ్లాసులు తుడిచింది మరకలు పట్టాక గట్టుకి, అక్కడ పల్చబడ్డాక నేలకి, బూట్లకి, బండి చైన్‌కి వెళ్తుంది, చివరికి ఉతకడానికి మనసొప్పని ఏదో ఒక మురికి పని చేసి చెత్తలోకి పోతుంది, ఆ చివరి పనికి కూడా ఒక పేపర్ షీట్ మిగిలినట్టే. నూరు శాతం కాటన్ గుడ్డలు, స్వీడిష్ డిష్‌క్లాత్‌లు నూనె గానీ కెమికల్ గానీ పట్టకపోతే ముక్కలు చేసి కంపోస్టులో వేసుకోవచ్చు, అంచు కుట్టిన పాలిస్టర్ దారం ఉంటే ముందే లాగేయాలి. మైక్రోఫైబర్ మట్టిలో కలవదు కాబట్టి దాన్ని చెత్తబుట్టలోనే వేయాలి.